ముద్రల కంటే ముందు పేరు సరిచూసుకోవాలి
విదేశాలకు వెళ్లేవారి ధ్రువపత్రాలు.. పాటించాల్సిన పద్ధతులు

గోదావరిఖని: ఉపాధి కోసం, ఉన్నత చదువుల కోసం బొగ్గుగనుల ప్రాంతం నుంచి విదేశాల బాట పట్టేవారికి వీసా కంటే ముందే ఎదురయ్యే పరీక్ష ధ్రువపత్రాలపై అధికారిక ముద్రలు వేయించుకోవడం. పదో తరగతి మెమో, ఇంజినీరింగ్ పట్టా, జనన ధ్రువపత్రం, వివాహ నమోదు పత్రం.. ఏ కాగితమైనా అసలైనదేనని అక్కడి అధికారులకు రుజువు చూపాలి. ఏ కాగితానికి ఎక్కడ ముద్ర వేస్తారో తెలియనివారు దళారులను ఆశ్రయిస్తుంటారు. ముద్రలన్నీ పడ్డాక తండ్రి పేరులో తేడా ఉందని దరఖాస్తు వెనక్కి వస్తే పెట్టిన ఖర్చుతోపాటు చేతికందిన ఉద్యోగమూ దూరమవుతుంది.

ముద్ర చెప్పేది ఎంతవరకు?
రామగుండం నగరపాలక సంస్థ ఇచ్చిన జనన ధ్రువపత్రంపై సంతకం ఎవరిదో దుబాయ్‌లోని అధికారికి తెలిసే అవకాశం లేదు. అందుకే కింది అధికారి సంతకాన్ని పై అధికారి, ఆయన సంతకాన్ని ఆపై అధికారి ధ్రువీకరించే పద్ధతి ఏర్పడింది. ఈ ముద్రలన్నీ సంతకం, సంతకం చేసిన వ్యక్తి హోదా, కార్యాలయ ముద్ర నిజమైనవని మాత్రమే చెబుతాయి. కాగితంలో రాసిన పేరు, పుట్టిన తేదీ సరైనవేనని చెప్పవు. అసలు పత్రంలో తప్పు దొర్లితే ఎన్ని ముద్రలు పడినా ఆ తప్పు తప్పుగానే ఉంటుంది.

దేశాన్ని బట్టి రెండు దారులు
ప్రభుత్వ పత్రాలను రాయబార కార్యాలయాల చుట్టూ తిప్పే పని తప్పించేందుకు 1961 అక్టోబరు 5న హేగ్‌లో ఒక అంతర్జాతీయ ఒప్పందం కుదిరింది. దీని ప్రకారం పత్రం జారీ అయిన దేశం ‘అపోస్టిల్’ అనే ఒకే ధ్రువీకరణ ఇస్తే సభ్య దేశాలు దానిని అంగీకరిస్తాయి. మన దేశంలో ఈ ఒప్పందం 2005 జులై 14 నుంచి అమలులో ఉంది. అమెరికా, బ్రిటన్, ఆస్ట్రేలియా సభ్య దేశాలే. గల్ఫ్‌లో ఒమన్ 2012లో, బహ్రెయిన్ 2013లో, సౌదీ అరేబియా 2022 డిసెంబరులో ఈ పద్ధతిలోకి వచ్చాయి. కెనడాలో 2024 జనవరి నుంచి అమలవుతోంది.

యూఏఈ, కువైట్, ఖతార్ ఈ ఒప్పందంలో చేరలేదు. అక్కడికి వెళ్లేవారు మన విదేశాంగ శాఖ ధ్రువీకరణ తర్వాత ఆ దేశ రాయబార కార్యాలయం ముద్ర కూడా వేయించుకోవాలి. దుబాయ్‌కి అపోస్టిల్ చేయించి, తిరిగి మొదటికి రావడం అనవసర ఖర్చు. ఒక సభ్య దేశం కొత్తగా చేరిన మరో దేశం విషయంలో అభ్యంతరం తెలిపే వీలు ఒప్పందంలోనే ఉంది. కాబట్టి తమ పత్రాలు ఏ రూపంలో కావాలో యజమాని నుంచో, విశ్వవిద్యాలయం నుంచో రాతపూర్వకంగా తెలుసుకోవడం ఉత్తమం.

మెట్లు ఇవీ..
నోటరీ ముద్ర ఒక్కటే విదేశాల్లో చెల్లదు. విద్యార్హత, జనన, వివాహ పత్రాలను ముందుగా రాష్ట్ర ప్రభుత్వం ధ్రువీకరించాలి. తెలంగాణలో ఈ పని సాధారణ పరిపాలన శాఖలోని ఎన్ఆర్ఐ విభాగం చూస్తుంది. చదువు పత్రాలకు సంబంధిత బోర్డు లేదా విశ్వవిద్యాలయం నుంచి నిజనిర్ధారణ కూడా అవసరం కావచ్చు.

ఆ తర్వాతి మెట్టు విదేశాంగ మంత్రిత్వ శాఖ. ఒకప్పుడు ఇందుకు ఢిల్లీ వెళ్లాల్సి వచ్చేది. 2019 నుంచి హైదరాబాద్‌లోని శాఖా సచివాలయంలోనూ ఈ సేవ అందుతోంది. 2012 జులై నుంచి మంత్రిత్వ శాఖ ప్రజల నుంచి నేరుగా కాగితాలు తీసుకోవడం లేదు. తాను నియమించిన ఏజెన్సీల ద్వారానే స్వీకరిస్తోంది. ఆన్‌లైన్‌లో ‘ఇ-సనద్’ విధానం కూడా ఉంది.

మారుపేర్లతో చిక్కులు
సింగరేణి కుటుంబాల్లో పేర్ల తేడా ప్రత్యేక సమస్య. గతంలో కొందరు కార్మికులు ఇతరుల పేర్లతో గనుల్లో ఉద్యోగాల్లో చేరారు. గని రికార్డుల్లో ఒక పేరు, ఇంటి వద్ద మరో పేరు ఉండిపోయింది. కుమారుడి పదో తరగతి మెమోలో తండ్రి పేరు గని రికార్డు ప్రకారం, పాస్‌పోర్టులో అసలు పేరు ప్రకారం ఉంటే ఇద్దరూ ఒకరేనని విదేశీ అధికారికి నచ్చజెప్పడం కష్టం. ఇంటిపేరు ఒకచోట పొడి అక్షరంగా, మరోచోట పూర్తిగా ఉన్నా ఇదే చిక్కు.

పాత పత్రాలపై ఉండే జిల్లా, రాష్ట్రాల పేర్ల గురించి మాత్రం కలవరపడనక్కర్లేదు. తెలంగాణ 2014 జూన్ 2న, పెద్దపల్లి జిల్లా 2016 అక్టోబరు 11న ఏర్పడ్డాయి. అంతకుముందు జారీ అయిన కాగితాలపై ఆంధ్రప్రదేశ్, కరీంనగర్ జిల్లా అని ఉండటం సహజమే. వ్యక్తి పేరు, తండ్రి పేరు, పుట్టిన తేదీల్లో తేడా ఉంటేనే ఇబ్బంది. ఆ సవరణ పత్రం జారీ చేసిన కార్యాలయంలోనే జరగాలి. పదో తరగతి మెమో అయితే చదివిన పాఠశాల ద్వారా బోర్డుకు, జనన ధ్రువపత్రమైతే నగరపాలక సంస్థకు దరఖాస్తు చేసుకోవాలి. సవరణకు సమయం పడుతుంది. వీసా గడువు ముంచుకొచ్చాక మొదలుపెడితే ఫలితం ఉండదు.

అసలు పత్రాలు జాగ్రత్త
అపోస్టిల్‌కు మంత్రిత్వ శాఖ రుసుము పత్రానికి 50 రూపాయలే. ఏజెన్సీ సేవా రుసుము దీనికి అదనం. అంతకు మించి వేలల్లో అడిగితే ఆ సొమ్ము దేనికో ప్రశ్నించాలి. అసలు పత్రాలు అప్పగించేటప్పుడు రసీదు తీసుకోవాలి. జిరాక్స్ ప్రతులు ఇంట్లో ఉంచుకోవాలి. అపోస్టిల్‌పై ఉండే సంఖ్య, తేదీలను సరిచూసుకుంటే నకిలీ ముద్రల బారిన పడకుండా ఉండవచ్చు. అన్నింటికంటే ముందు పాస్‌పోర్టును పక్కన పెట్టుకుని ప్రతి పత్రంలోని పేరును అక్షరం అక్షరం పోల్చి చూసుకోవాలి. ఖర్చు లేని ఈ పని ముందే చేస్తే తర్వాతి మెట్లన్నీ సాఫీగా సాగుతాయి.