నిఘా కెమెరాలు ప్రమాదాలను తగ్గిస్తాయా?

ఆదోని, ఎమ్మిగనూరు ప్రాంతాల నుంచి ఈ కోర్సు చదువుతున్న మీలో చాలామంది కాంటాక్ట్ తరగతులకు మోటార్ సైకిల్ మీదనే వస్తారు. కాబట్టి ఈ పాఠ్యభాగం మీకు పుస్తకంలోని విషయం మాత్రమే కాదు. 2022లో మన దేశంలో రోడ్డు ప్రమాదాల్లో 1,68,491 మంది చనిపోయారని కేంద్ర రవాణా మంత్రిత్వ శాఖ నివేదిక చెబుతోంది. వారిలో దాదాపు 44.5 శాతం ద్విచక్ర వాహనాల మీద ఉన్నవారే. హెల్మెట్ లేకుండా మరణించినవారు 50,029 మంది.

కెమెరాలకు చట్టపరమైన ఆధారం 2019 మోటారు వాహనాల సవరణ చట్టంలోని 136ఎ సెక్షన్. దాని అమలుకు 2021 ఆగస్టులో 167ఎ నియమాన్ని చేర్చారు. జాతీయ, రాష్ట్ర రహదారుల్లో ప్రమాదకరమైన చోట్ల, పది లక్షలు దాటిన నగరాల్లో, మరికొన్ని పేర్కొన్న నగరాల్లో కెమెరాలు పెట్టాలని ఆ నియమం చెబుతుంది. ఆ జాబితాలో కర్నూలు ఉంది. ఆదోని, ఎమ్మిగనూరు లేవు. అయితే ఆదోని గుండా వెళ్ళే జాతీయ రహదారికి ఈ నియమం వర్తిస్తుంది. ఆ రహదారి సంఖ్య కూడా 167 కావడం యాదృచ్ఛికమే గాని, పరీక్షలో గుర్తుంచుకోవడానికి పనికొస్తుంది. కెమెరా ఉందని తెలిపే హెచ్చరిక బోర్డు ఉండాలి, పరికరానికి ఏటా ధ్రువీకరణ జరగాలి, తప్పు జరిగిన పదిహేను రోజుల్లో నోటీసు పంపాలి. ఇవి పౌరుడికి రక్షణలు. కెమెరా మనిషిని చూడదు, నంబరు ప్లేటును చూస్తుంది. నా పాత స్కూటరు అమ్మి, పేరు మార్పించే పని వాయిదా వేసినందుకు రెండు చలానాలు నాకే వచ్చాయి. తప్పు నాదే.

ఇక అసలు ప్రశ్నకు వద్దాం. అమెరికా ఫెడరల్ హైవే సంస్థ 2005లో ప్రచురించిన అధ్యయనం ఏడు ప్రాంతాల్లోని ఎర్రలైటు కెమెరాలను పరిశీలించింది. అడ్డంగా వచ్చి ఢీకొనే ప్రమాదాలు 24.6 శాతం తగ్గాయి. వెనక నుంచి గుద్దుకునేవి 14.9 శాతం పెరిగాయి. కారణం ఊహించడం కష్టం కాదు. పసుపు లైటు చూడగానే ముందువాడు చలానా భయంతో గబుక్కున బ్రేకు వేస్తాడు, వెనకవాడు దానికి సిద్ధంగా ఉండడు. అడ్డంగా తగిలే దెబ్బ తీవ్రమైనది కాబట్టి మొత్తం మీద కొంత లాభమే ఉందని వారు లెక్క కట్టారు. హ్యూస్టన్ నగరంలో 2010లో ఓటర్లు కెమెరాలను తీసివేయించిన తరువాత జరిగిన పరిశీలనలో మాత్రం మొత్తం ప్రమాదాల్లో చెప్పుకోదగిన తేడా కనిపించలేదు.

ఈ లెక్కను మన ఊరికి యథాతథంగా తేవచ్చా? నాకు సందేహం ఉంది. అక్కడ ముందున్నది కారు, వెనకున్నదీ ఎక్కువగా కారే. ఆదోని మార్కెట్ యార్డు దారిలో ముందున్నది మోటార్ సైకిల్, వెనకున్నది పత్తి బోరాలు నింపిన ట్రాక్టరు కావచ్చు. అప్పుడు వెనక నుంచి తగిలే దెబ్బను చిన్నదని అనలేం.

వేగ కెమెరాల విషయంలో ఆధారాలు మరింత బలంగా ఉన్నాయి. 2010 నాటి కాక్రేన్ సమీక్ష 35 అధ్యయనాలను పరిశీలించింది. కెమెరాల సమీపంలో ప్రమాదాలు 8 నుంచి 49 శాతం దాకా తగ్గాయని తేలింది. ఇంత పెద్ద తేడా ఎందుకు? ఒక్కో చోట రోడ్డు వేరు, జనం వేరు, పోల్చిన పద్ధతి వేరు. పైగా కెమెరా ముందు నెమ్మదించి, దాటగానే వేగం పెంచేవారు ఉంటారు. అందుకే కొన్ని దేశాల్లో రెండు కెమెరాల మధ్య దూరాన్ని ప్రయాణ సమయంతో భాగించి సగటు వేగం చూస్తారు.

పోల్చే పద్ధతి దగ్గర కాస్త ఆగుదాం. విద్యార్థులు ఎక్కువగా పొరపడేది ఇక్కడే. ఒక కూడలిలో వరుసగా నాలుగేళ్ళు 3, 4, 3, 9 ప్రమాదాలు జరిగాయనుకోండి. తొమ్మిది చూసి అధికారులు కెమెరా పెట్టారు. మరుసటి ఏడు నాలుగే జరిగాయి. కెమెరా ఐదు ప్రమాదాలను ఆపిందా? కెమెరా లేకపోయినా సంఖ్య మామూలు స్థాయికి వచ్చేదేమో! దీనినే సగటుకు ప్రతిగమనం అంటారు.

మన ప్రాంతంలో మరో చిక్కు ఉంది. పత్తి రాబడి ఉన్న నెలల్లో ఆదోని రోడ్లు ట్రాక్టర్లు, లారీలతో నిండిపోతాయి. రాబడి తగ్గాక ఆ రద్దీ ఉండదు. పల్లెల నుంచి కుటుంబాలు సుగ్గికి వెళ్ళిపోతే బైకులూ తగ్గుతాయి. ఎమ్మిగనూరు నీలకంఠేశ్వర స్వామి జాతర రోజుల్లో మళ్ళీ జనమే జనం. డిసెంబరును ఏప్రిల్‌తో పోల్చి 'కెమెరా పనిచేసింది' అని రాస్తే అది పరిశోధన కాదు, పత్రికా ప్రకటన.

సిగ్నళ్ళు తక్కువగా ఉండే మన పట్టణాలకు కేరళ అనుభవం దగ్గరగా ఉంటుందని నా అభిప్రాయం. అక్కడ 2023 జూన్ నుంచి 726 కెమెరాలతో జరిమానాలు మొదలుపెట్టారు. వాటిలో 675 హెల్మెట్, సీటు బెల్టు వంటి ఉల్లంఘనల కోసమే. ఎర్రలైటు కోసం పెట్టినవి 18 మాత్రమే. హెల్మెట్ మరణ ప్రమాదాన్ని సుమారు 42 శాతం తగ్గిస్తుందని మరో కాక్రేన్ సమీక్ష అంచనా. అంటే కెమెరా ప్రమాదాన్ని ఆపకపోయినా ప్రాణాన్ని కాపాడవచ్చు.

అయితే జరిమానా వసూలు కాకపోతే కెమెరా దిష్టిబొమ్మతో సమానం. తెలంగాణలో పేరుకుపోయిన చలానాలపై 2022 మార్చిలో ద్విచక్ర వాహనాలకు 75 శాతం, 2023 డిసెంబరులో 80 శాతం రాయితీ ఇచ్చారు. బకాయిలు వసూలయ్యాయి, నిజమే. కానీ రెండుసార్లు రాయితీ చూసినవాడు మూడోసారి చలానా వెంటనే కడతాడా, రాయితీ కోసం ఆగుతాడా?

అభ్యాసం: ఆదోనిలో ఒక కూడలిని, ఎమ్మిగనూరులో అలాంటిదే మరొకదాన్ని ఎంచుకోండి. రోడ్డు పక్కన సురక్షితమైన చోట నిలబడి వరుసగా వంద మోటార్ సైకిళ్ళను చూసి, నడిపేవారిలోనూ వెనక కూర్చున్నవారిలోనూ హెల్మెట్ ఉన్నవారిని విడివిడిగా లెక్కించండి. పత్తి రాబడి నెలలో ఒకసారి, అది ముగిశాక ఒకసారి, అదే వారం, అదే గంటలో లెక్క తీయండి. రెండు కూడళ్ళలో ఒకదాని దగ్గర రేపు కెమెరా పెడితే, ఆ మార్పును కొలవడానికి మీ పట్టిక సరిపోతుందో లేదో అర పేజీలో రాయండి.