మొద్దుబారిన కాలికి మెత్తని చెప్పు

బైరెడ్డిపల్లెలో చేను గట్టు మీద ముల్లు గుచ్చుకుంటే 'అబ్బా' అని నిలబడిపోతాం. నొప్పే కాలికి కాపలా. కుష్ఠువ్యాధి వచ్చినవారికి, షుగరు చాలా ఏండ్లుగా ఉన్నవారికి నరాలు దెబ్బతిని అరికాలు మొద్దుబారవచ్చు. ముల్లు దిగినా తెలీదు. అదే కాలితో నడుస్తారు. పుండు ఎముకదాకా పోతుంది. ఒక్కోసారి కాలే తీసెయ్యాల్సి వస్తుంది.

1946లో వేలూరుకు పాల్ బ్రాండ్ అనే డాక్టరు వచ్చారు. కాలు దానంతటది కుళ్లదు, తెలీకుండా తగిలే దెబ్బలే పుండ్లవుతాయని ఆయన గమనించారు.

అలాంటి కాలికి ఎం.సి.ఆర్. చెప్పు మంచిది. ఇందులో సన్నని గాలి బుడగలున్న మెత్తని రబ్బరు ఉంటుంది. బరువు ఒకచోటే పడదు, అరికాలంతా పంచుకుంటుంది. మేకులు కొట్టరు. మడమ వెనక పట్టీ ఉంటుంది. లేకుంటే చెప్పు జారిపోయినా తెలీదు గదా! కుష్ఠువ్యాధి వల్ల కాలు మొద్దుబారినవారికి ప్రభుత్వం వీటిని ఉచితంగా ఇస్తుంది.

చెప్పున్నా సరే, రోజూ రాత్రి అరికాలు చూసుకోవాలి. కనపడకుంటే ఇంట్లోవాళ్లను చూడమనాలి. చెప్పునూ తిప్పి చూడాలి, ముల్లు దిగిందేమో.