మంచు కొండల్లో ఫ్యామిలీతో ఫస్ట్ రోడ్ ట్రిప్పా? అటల్ టన్నెల్ దాటేముందు ఇది తెలుసుకోండి

క్రిస్మస్, సంక్రాంతి సెలవులు వస్తున్నాయంటే చాలు.. మన వాళ్లలో చాలామంది చూపు మనాలి వైపే. హైదరాబాద్ నుంచి ఢిల్లీకో, చండీగఢ్‌కో ఫ్లైట్, అక్కడి నుంచి కారు. పిల్లలకు మంచు చూపించాలి, రీల్ తీయాలి, తిరిగి రావాలి. ప్లాన్ సింపుల్‌గానే ఉంటుంది. కానీ మంచు రోడ్డు ఎలా ఉంటుందో తెలియకుండా వెళ్తే మాత్రం ఇబ్బందులు తప్పవు.

చలికాలంలో రోహ్‌తాంగ్ పాస్ రోడ్డు మూసేస్తారు. ఎత్తు 3,978 మీటర్లు. మరి అటువైపు ఉన్న లాహౌల్ లోయకు ఎలా వెళ్తారు? అటల్ టన్నెల్ గుండా. 2020 అక్టోబర్ 3న ప్రారంభమైన ఈ సొరంగం పొడవు 9.02 కిలోమీటర్లు. అంతకుముందు ఏటా ఆరు నెలల పాటు ఆ లోయకు బయటి ప్రపంచంతో రోడ్డు సంబంధమే ఉండేది కాదు. ఇప్పుడు మనాలిలో టిఫిన్ చేసి బయలుదేరితే, రోడ్డు బాగుంటే గంటా గంటన్నరలో సిస్సు ఊళ్లో ఉండొచ్చు. సొరంగానికి ఇటు దేవదారు చెట్లు, అటు బోసి కొండలు, కింద చంద్ర నది. పది నిమిషాల చీకటి తర్వాత ఒక్కసారిగా తెల్లటి లోయ కనిపిస్తుంది. నిజంగానే చూడాల్సిన సీన్ అది.

అయితే సొరంగం లోపల కారు ఆపకండి, ఓవర్‌టేక్ చేయకండి. మధ్యలో ఆపి డ్యాన్సులు చేసిన టూరిస్టులపై పోలీసులు కేసులు పెట్టిన సందర్భాలూ ఉన్నాయి. నిజంగా ఏదైనా ఇబ్బంది వస్తే కంగారు అక్కర్లేదు. ప్రతి 150 మీటర్లకు ఎమర్జెన్సీ ఫోన్ ఉంటుంది.

అసలు ప్రమాదం మధ్యాహ్నం తర్వాతే

ఎక్కువ మంది భయపడేది లోయలను చూసి. కానీ స్థానిక డ్రైవర్లు భయపడేది రోడ్డును చూసి. పగలు ఎండకు మంచు కరిగి నీళ్లు రోడ్డు మీదకు పారతాయి. సూర్యుడు కొండ చాటుకు వెళ్లగానే ఆ నీళ్లు గడ్డకట్టి పల్చటి గాజు పొరలా మారతాయి. దీన్నే బ్లాక్ ఐస్ అంటారు. చూస్తే తడి రోడ్డులానే ఉంటుంది, టైరు ఎక్కితే కారు మన మాట వినదు. ఎండ తగలని మలుపుల్లో, బ్రిడ్జిల మీద ఇది మరీ ఎక్కువ. బ్రేక్ గట్టిగా తొక్కితే బండి ఇంకా జారుతుంది. తక్కువ గేర్‌లో, ఇంజిన్ పట్టు మీదే మెల్లగా దిగాలి. ‘మాది ఫోర్ బై ఫోర్’ అని ధీమా వద్దు. అది బండిని కదపడానికి సాయం చేస్తుంది.. ఐస్ మీద ఆపడానికి కాదు.

అందుకే మధ్యాహ్నం రెండు గంటలకల్లా తిరుగుముఖం పట్టడం మంచిది. డిసెంబర్‌లో అయిదున్నరకే చీకటి పడుతుంది. ‘ఇంకో అరగంట నాన్నా’ అని పిల్లలు మారాం చేస్తారు.. కరగొద్దు! 2024 డిసెంబర్ చివర్లో మంచు కురిసి సోలాంగ్, అటల్ టన్నెల్ మధ్య వందల వాహనాలు గంటల తరబడి ఇరుక్కుపోయాయి. పోలీసులు వచ్చి టూరిస్టులను బయటికి తీసుకురావాల్సి వచ్చింది.

ఇరుక్కుపోతే హీటర్ ఆన్ చేసి పడుకోవచ్చా?

ఇదే అన్నిటికంటే ముఖ్యమైన విషయం. 2022 జనవరిలో పాకిస్తాన్‌లోని ముర్రీ హిల్ స్టేషన్‌కు మంచు చూద్దామని వేల కార్లు ఒకేసారి వెళ్లాయి. రాత్రంతా మంచు తుపాను. కార్లలోనే చిక్కుకుని 20 మందికి పైగా చనిపోయారు. వాళ్లలో పిల్లలు కూడా ఉన్నారు. అందరినీ చంపింది చలి కాదు. కొన్ని మరణాలకు కార్బన్ మోనాక్సైడ్ కారణమని అప్పట్లో అధికారులు అనుమానించారు.

ఇది ఎలా జరుగుతుందంటే.. కారు ఆగిపోయాక చుట్టూ మంచు పేరుకుంటుంది. సైలెన్సర్ గొట్టం పూడుకుపోతుంది. హీటర్ కోసం ఇంజిన్ ఆన్‌లోనే ఉంచితే పొగ బయటికి పోలేక కారు లోపలికి వస్తుంది. ఈ గ్యాస్‌కు రంగు లేదు, వాసన లేదు. తలనొప్పి, వికారం, మత్తు.. ఆ తర్వాత నిద్ర. ఇక్కడే ఇంకో చిక్కు ఉంది. మూడు వేల మీటర్ల ఎత్తులో మనకు అందే ఆక్సిజన్ సముద్ర మట్టంతో పోలిస్తే దాదాపు 30 శాతం తక్కువ. దాని వల్ల కూడా తలనొప్పి, వికారమే వస్తాయి. ‘ఎత్తుకు వచ్చాం కదా, అందుకే’ అనుకుని ఊరుకుంటే అంతే సంగతులు. కారులో ఇద్దరు ముగ్గురికి ఒకేసారి తలనొప్పి మొదలైందంటే ముందు ఇంజిన్ ఆపేయండి, డోర్లు తెరవండి, గాలిలోకి రండి.

ఆగిపోయినప్పుడు మొదట సైలెన్సర్ దగ్గరి మంచు తీసేయాలి. కురుస్తూనే ఉంటే మళ్లీ మళ్లీ తీయాలి. ఇంజిన్ గంటకు పది నిమిషాలకు మించి వద్దు, అప్పుడూ ఒక అద్దం కాస్త దించి ఉంచాలి. అందుకే డిక్కీలో చిన్న పార, రెండు రగ్గులు, నీళ్లు, పిల్లలకు పొడి సాక్సులు ఉంచుకోండి. దారిలో అద్దెకిచ్చే కోట్లు, బూట్లు ఫొటోలకు సరిపోతాయేమో గానీ.. రాత్రంతా కాపాడతాయని నమ్మలేం.

ఇక మన ఊరి నుంచే సొంత కారులో వెళ్లేవాళ్లు ఒకటి చూసుకోవాలి. రేడియేటర్‌లో ఉత్త నీళ్లు ఉంటే గడ్డకట్టి ఇంజిన్ పగిలే ప్రమాదం ఉంది. యాంటీఫ్రీజ్ ఉన్న కూలెంట్ మార్పించుకోవాలి. రాత్రి హ్యాండ్‌బ్రేక్ వేయకుండా, గేర్‌లో పెట్టి, టైరు కింద రాయి పెడతారు అక్కడివాళ్లు. హ్యాండ్‌బ్రేక్ వేస్తే పొద్దున్నకు బిగుసుకుపోవచ్చు మరి.

నానమ్మ, తాతయ్యలు వెంట ఉంటే మొదటి రోజు మనాలిలోనే ఆగండి. బీపీ, గుండె సమస్యలు ఉన్నవాళ్లు డాక్టర్‌ను అడిగాకే బయలుదేరాలి. పైన ఎవరికైనా ఆయాసం తగ్గకపోతే వెంటనే కిందికి దిగాలి. సొరంగం దగ్గర పోలీసులు ఆపి ‘ఈరోజు వద్దు’ అంటే వాదించకుండా వెనక్కి తిప్పండి. సోలాంగ్‌లోనో, మనాలిలోనో ఆ పూట గడిపి, మర్నాడు పొద్దున్నే మళ్లీ కనుక్కోవచ్చు.