పండగకి ఊరెళ్లాలంటే గుండె దడగా ఉందా? పీటీఎస్‌డీ గురించి మాట్లాడుకుందాం

జనవరి వచ్చిందంటే ఫ్యామిలీ వాట్సాప్ గ్రూపుల్లో ఒకటే గోల కదా. టికెట్ దొరికిందా, భోగికల్లా వచ్చేస్తావా, ఎన్ని రోజులుంటావ్ అని. ఆ మెసేజ్ చూడగానే చేతులు చల్లబడిపోయేవాళ్లు కూడా మనలో ఉన్నారు. ఊరంటే ఇష్టం లేక కాదు. ఎప్పుడో జరిగిన ఒక సంఘటన వాళ్లని ఇంకా వదల్లేదు. ఈ ఎపిసోడ్ వాళ్ల కోసం.

పీటీఎస్‌డీ, అంటే పోస్ట్ ట్రామాటిక్ స్ట్రెస్ డిజార్డర్. వియత్నాం యుద్ధం నుంచి తిరిగొచ్చిన అమెరికన్ సైనికుల బాధల మీద చాలా చర్చ జరిగాక, 1980లో ఈ పేరు అక్కడి సైకియాట్రిస్టుల మాన్యువల్‌లోకి ఎక్కింది. అందుకే ఇది మిలిటరీవాళ్ల జబ్బు అనుకుంటారు చాలామంది. కాదండీ. రోడ్డు యాక్సిడెంట్, అగ్నిప్రమాదం, లైంగిక దాడి, ఇంట్లో రోజూ దెబ్బలు, వీటిలో దేని తర్వాతైనా రావచ్చు. అలాంటిది జరిగాక కొన్నాళ్లు నిద్ర పట్టకపోవడం, ఉలిక్కిపడటం ఎవరికైనా ఉంటుంది. చాలామందికి మెల్లగా తగ్గిపోతుంది. నెల దాటినా అదే సీను కళ్లముందు తిరుగుతూ, పీడకలలు వస్తూ, ఆ జ్ఞాపకం తెచ్చే ప్రతిదాన్నీ తప్పించుకుంటూ బతుకుతుంటే డాక్టర్‌కి చూపించుకోవాల్సిందే.

మరి పండగకీ దీనికీ సంబంధం ఏంటి? మన మెదడులో అమిగ్డాలా అని చిన్న భాగం ఉంటుంది. ప్రమాదం కనిపిస్తే అలారం కొట్టడం దాని డ్యూటీ. పీటీఎస్‌డీలో ఆ అలారం చాలా సెన్సిటివ్ అయిపోతుంది. మంటల్లోంచి బయటపడిన మనిషికి భోగి మంట పొగ ముక్కుకి తగిలితే చాలు. ‘ఇది పండగ మంట’ అని బుర్ర చెప్పేలోపే ఒళ్లంతా చెమటలు పట్టేస్తాయి. దీపావళి బాంబులు, సడెన్‌గా మొదలయ్యే డీజే, కోడిపందేల బరి దగ్గర అరుపులు... అన్నీ ఇంతే. ఇది పిరికితనం కాదు, యాక్టింగ్ అంతకన్నా కాదు.

అసలు కష్టం ఊరు చేరకముందే మొదలవ్వచ్చు. యాక్సిడెంట్ అయిన మనిషిని పండగ ముందురోజు రాత్రి హైదరాబాద్–విజయవాడ హైవే మీద బస్సెక్కమంటే ఎలా? పగటిపూట బయల్దేరండి, ట్రైన్ దొరికితే ట్రైన్‌లో వెళ్లండి, రెండ్రోజులు ముందే వెళ్లండి. ఇక్కడ ఒక మెలిక ఉంది. భయం వేసిన ప్రతిదాన్నీ మానేస్తూ పోతే భయం ఇంకా పెరుగుతుంది, బతుకు ఒక గదికి కుదించుకుపోతుంది. అందుకని, కుదిరితే నా ఓటు పూర్తిగా మానేయడానికి కాదు, కొలత తగ్గించుకోవడానికి. నాలుగు రోజుల బదులు ఒక రోజు. బయట మంట దగ్గర కాకుండా లోపల అరిసెల దగ్గర.

ఇక చుట్టాలు. ‘అసలా రోజు ఏం జరిగిందే?’ అని అందరి ముందూ అడిగేస్తారు. ప్రేమతోనే అడుగుతారు, కాదనను. కానీ ఆ కథ చెప్పాల్సిన బాకీ మీకేం లేదు. బలవంతంగా చెప్పించడం వల్ల మనసు తేలికపడుతుందనేది కూడా అపోహే. ఒక మాట ముందే రెడీగా పెట్టుకోండి: ‘ఇప్పుడు బానే ఉన్నా పిన్నీ, పండగపూట ఆ సంగతి వద్దులే.’ అని లేచి నీళ్లు తాగడానికి వెళ్లిపోండి. నమ్మకమైన అక్కకో బావకో ముందే చెప్పి ఉంచండి, మీరు సైగ చేస్తే మిమ్మల్ని మేడ మీదకి తీసుకెళ్లేలా.

మేడ మీదకెళ్లి ఏం చేయాలి? పాదాలు నేలకి గట్టిగా ఆనించండి. కనిపించే అయిదు వస్తువుల పేర్లు పైకి అనండి: వాటర్ ట్యాంకు, తీగ మీద లుంగీ, కొబ్బరిచెట్టు... సిల్లీగా అనిపిస్తుంది, అయినా చేయండి. ఊపిరి పీల్చినదానికంటే నెమ్మదిగా వదలండి. ‘ఇది ఇవాళ, ఇది మా ఇల్లు’ అని మెదడుకి గుర్తుచేయడమే ఇదంతా. బావల బ్యాచ్‌తో ఒక పెగ్గేస్తే సర్దుకుంటుందనుకోకండి. మందు నిద్రని పాడుచేస్తుంది, మర్నాడు ఆందోళన ఇంకా ఎక్కువవుతుంది.

ఒక్క విషయంలో మాత్రం నేను కొలత తగ్గించుకోమని చెప్పను. మిమ్మల్ని బాధపెట్టిన మనిషే ఆ ఇంట్లో, అదే బంతిలో కూర్చుంటాడంటే, వెళ్లకండి. ‘పండగపూట గొడవెందుకు, పెద్దాయన కదా’ అంటారు. ఆ ఇంటి పరువు కాపాడే డ్యూటీ మీది కాదు. ఇంకా ప్రమాదం ఉంటే ఆడవాళ్లకి 181, పిల్లలకి 1098, అత్యవసరమైతే ఎవరికైనా 112.

ఇంట్లోవాళ్లకి రెండు మాటలు. వెనకనుంచి వచ్చి భుజం మీద చెయ్యి వేయకండి. టపాకాయ కాల్చే ముందు ఒకమాట చెప్పండి. దిష్టి తీస్తే తీయండి, తప్పులేదు, కానీ డాక్టర్ అపాయింట్‌మెంట్ ఆపకండి.

ఎందుకంటే దీనికి ట్రీట్‌మెంట్ ఉంది. ట్రామా మీద పనిచేసే సీబీటీ, ఈఎండీఆర్ అనే థెరపీలు ఉన్నాయి, అవసరమైతే మందులూ ఇస్తారు. హైదరాబాద్‌లో ఎర్రగడ్డలో, విశాఖలో గవర్నమెంట్ మానసిక ఆసుపత్రులున్నాయి. అంతదూరం ఇప్పుడే వద్దనుకుంటే 14416కి ఫోన్ చేయండి. అది టెలి మానస్, కేంద్ర ప్రభుత్వం 2022 అక్టోబర్‌లో మొదలుపెట్టింది. ఫ్రీ, 24 గంటలూ ఉంటుంది, తెలుగులోనే మాట్లాడొచ్చు. ఊరికి బయల్దేరే ముందే ఆ నంబర్ సేవ్ చేసుకోండి.