పందిరెక్కే గులాబీకి పుట్టిల్లెక్కడ?

ఉద్దానం అంటేనే ఉద్యానవనం అని మన పెద్దలు చెబుతారు. పలాస జీడితోటలు, కవిటి కొబ్బరి తోటలు, పెరట్లో పనసచెట్టు... ఇన్ని ఉన్నా గుమ్మం పక్కన ఒక్క తీగ గులాబీ పాకితే బాగుండునని అనుకోని ఇల్లాలు ఉంటుందా? మొక్కకు కట్టిన బొమ్మ చూసి ముచ్చటపడి కొంటాం. ఏడాది తిరక్కుండానే అది కాస్తా ఎండిపోతుంది. "నా చెయ్యి మంచిది కాదు" అని నిట్టూరుస్తాం.

తప్పు మీ చేతిది కాదు సుమా! కోడల్ని తెచ్చుకునే ముందు పుట్టింటి సంగతులు విచారిస్తాం కదా. గులాబీకీ అంతే.

తీగ గులాబీలన్నిటికీ మూలం అడవి గులాబీలే. జపాన్, చైనా వైపు అడవి జాతుల నుంచి వచ్చినవి ఒక రకం. 1893లో ఇంగ్లండులో అమ్మకానికొచ్చిన క్రిమ్సన్ రాంబ్లర్, 1901లో అమెరికాలో వచ్చిన డొరొతీ పెర్కిన్స్ ఈ కోవలోవి. ఏడాదికోసారి విరగబూస్తాయి. కానీ వాటికి శీతాకాలపు చలి కావాలి. మన సముద్రతీరపు ఉక్కలో వాటి నుంచి పూలు ఆశించడం కష్టమే.

ఇంకో రకం వెచ్చని చోట పుట్టినవి. అమెరికాలోని చార్లెస్టన్ కూడా మనలాగే సముద్రపు ఒడ్డు, ఉక్కపోతల ఊరు. 1800 తర్వాత కొద్ది సంవత్సరాలకే అక్కడ జాన్ చాంప్నీస్ అనే వరి రైతు తోటలో మస్క్ గులాబీ, చైనా గులాబీ కలిసి గుత్తులుగా పూచే తీగ పుట్టింది. అదే నాయిసెట్ వంశానికి మొదలు. 1864లో ఫ్రాన్సులో వచ్చిన పసుపు పూల మార్షల్ నీల్ ఆ వంశానిదే.

మరి మన దేశపు అడవి గులాబీల మాటేమిటి? మణిపూర్ కొండల్లో చెట్లమీదికి పాకే పెద్ద పూల జాతిని 1882లో జార్జ్ వాట్ కనుగొన్నాడు. దాని పేరు రోజా జైగాంటియా. బెంగాల్ పల్లపు నేలల్లో, తడిలో పెరిగేది రోజా క్లైనోఫిల్లా. ఆంధ్రప్రదేశ్‌లో ఐ.ఏ.ఎస్. అధికారిగా పనిచేసిన ఎం.ఎస్. వీరరాఘవన్ గారు, భార్య గిరిజ గారితో కలిసి కొడైకెనాల్‌లో ఈ రెండింటితోనే వేడిని తట్టుకునే కొత్త రకాలు సృష్టించారు. అందులో ఒక పసుపు తీగ గులాబీకి సరోజినీ నాయుడు తొలి కవితా సంపుటి పేరు పెట్టారు: గోల్డెన్ త్రెషోల్డ్!

ఇక, "ఎర్రది కొంటే గులాబీ రంగువి పూస్తున్నాయి, నర్సరీవాడు మోసం చేశాడు" అని మీరెప్పుడైనా అనుకున్నారా? అన్నిసార్లూ మోసం కాదు. మన దేశంలో ఎడ్వర్డ్ గులాబీ మొదలు మీద అంటు కట్టడం పాత అలవాటు. అంటు కింద నుంచి లేచిన చిగురును వదిలేస్తే అదే బలిసి, పైకొమ్మను చంపేస్తుంది. అలాంటి చిగురు కనబడగానే మొదలంటా తీసెయ్యండి.

కొనేటప్పుడు నాయిసెట్, టీ, చైనా వంశాల తీగలేవని అడగండి. ఉప్పుగాలి నేరుగా తగలకుండా గోడ చాటున, ఎండ తగిలే చోట నాటండి. ఇసుక నేల కాబట్టి గోతిలో మాగిన పశువుల ఎరువు, చెరువు మట్టి కలపండి. మంచినీటి విలువ ఉద్దానం ఆడవాళ్లకు ఒకరు చెప్పాలా? ఉప్పు వెయ్యని బియ్యం కడుగు, కూరగాయలు కడిగిన నీళ్లు పొయ్యండి. కొమ్మల్ని నిటారుగా వదలక అడ్డంగా వంచి కట్టండి. అప్పుడే కణుపు కణుపుకీ చిగురొచ్చి పూస్తుంది. మొదటి రెండేళ్లూ కత్తెర జోలికి పోకండి.

2018 అక్టోబరులో తిత్లీ తుపాను మన కొబ్బరి, జీడి తోటల్నే కూల్చింది. పందిళ్లొక లెక్కా? అయినా కూలినచోటే మళ్లీ నాటుకున్నాం. ఈసారి పందిరి వేసేటప్పుడు పుట్టిల్లు అడిగి మరీ గులాబీని తెచ్చుకోండి. మీ గుమ్మంలో కలకాలం కాపురం చేస్తుంది!