రామాపురం ఇసుకకి స్కార్పియోనా, సఫారీనా?

వేటపాలెం నుంచి రామాపురం బీచ్‌కి బండెక్కామో లేదో చేరిపోతాం. అసలు కథ ఇసుకలో దిగాకే! చక్రాలు గిర్రున తిరుగుతాయి, బండి మాత్రం కదలదు.

ఏడుగురు పట్టే పెద్ద బండి అనగానే ఇంట్లో గొడవ ఈ రెండింటి మీదే. సఫారీలో 'రఫ్' మోడ్ చూసి మోసపోకండి. 2021లో వచ్చిన కొత్త సఫారీ ముందు చక్రాలతోనే నడుస్తుంది. పాతదానికి ఉన్న ఫోర్ బై ఫోర్ దీనికి లేదు. 2022 నాటి స్కార్పియో-ఎన్‌లో అది ఉంది, కానీ డీజిల్‌లోనే. లో రేంజ్ గేర్ కూడా ఉంటుంది కాబట్టి ఇసుకలో ధైర్యం.

మరి నానమ్మ? అంత ఎత్తు ఎక్కడానికి ఆవిడ మోకాళ్లు ఒప్పుకోవాలిగా! పైగా మూడో వరుస ఇరుకు. అందరూ కూర్చుంటే చీరాల చీరల మూటకి చోటే ఉండదు. పిల్లల భద్రతకి గ్లోబల్ ఎన్‌క్యాప్ సఫారీకి 5 స్టార్లు ఇచ్చింది, స్కార్పియో-ఎన్‌కి 3. పెద్దలకైతే రెండింటికీ 5.

నన్నడిగితే, 216 హైవే మీద తిరిగే కుటుంబానికి సఫారీయే. బీచ్ దగ్గర రోడ్డు మీద ఆపి నాలుగడుగులు నడిస్తే పోయేదేముంది? రోజూ చెరువు గట్ల మీద తిరిగేవాళ్లయితే స్కార్పియో-ఎన్ ఫోర్ బై ఫోర్ తీసుకోండి. టెస్ట్ డ్రైవ్‌కి మాత్రం నానమ్మనీ తీసుకెళ్లండి.