బరువైన యంత్రానికి చక్రాల పీఠం

పామర్రు: విజయవాడ-మచిలీపట్నం 65వ నంబరు జాతీయ రహదారి నుంచి గుడివాడ, భీమవరం వైపు సాగే 165వ నంబరు రహదారి చీలే కూడలి పామర్రు. వరి కోతల కాలంలో ఇటువంటి డెల్టా కూడళ్లలోని మరమ్మతు షెడ్లకు పని పెరుగుతుంది. ఇరుకు షెడ్డులోకి ట్రాక్టరు రావాలంటే డ్రిల్లింగ్ యంత్రాన్నో, కోత యంత్రాన్నో పక్కకు జరపక తప్పదు. గునపాలతో ఎత్తి గొట్టాలపై దొర్లించేటప్పుడు యంత్రం ఒరిగితే కార్మికుని కాలో, చేయో నలిగిపోతుంది. ఇనుప యాంగిళ్లతో చక్రాల పీఠం నిర్మించుకుంటే ఈ ప్రమాదాన్ని చాలావరకు నివారించవచ్చు.

చక్రాల ఎంపిక

యంత్రం బరువును నాలుగుతో భాగించి చక్రాలు కొనడం సరికాదు. ఎగుడుదిగుడు నేలపై భారమంతా మూడు చక్రాలపైనే పడవచ్చు. 400 కిలోల యంత్రమైతే ఒక్కో చక్రం కనీసం 134 కిలోలు మోయాలి. 150 నుంచి 200 కిలోల సామర్థ్యం గలవి ఎంచుకోవడం క్షేమం. ఒకవైపు రెండు స్థిర చక్రాలు, మరోవైపు అన్ని దిశలకూ తిరిగే రెండు చక్రాలు అమర్చితే యంత్రం దారి తప్పదు. నల్లరేగడి నేల తడికి ఉబ్బి, ఎండకు కుంచించుకుపోవడంతో గచ్చు బీటలు వారుతుంది. ఆ బీటల్లో చిన్న చక్రాలు ఇరుక్కుంటాయి. కనుక 4 అంగుళాలకు తగ్గని చక్రాలు మేలు.

నిర్మాణం ఇలా..

* 50 మి.మీ. వెడల్పు, 6 మి.మీ. మందం గల యాంగిళ్లను యంత్రం పాదం కన్నా కొద్దిగా ఎడంగా కోయాలి. మూలమట్టంతో సరిచూసి, రెండు కర్ణాలూ సమానమయ్యాకే పూర్తిగా వెల్డింగ్ చేయాలి.

* చక్రాలను చట్రం కింద కాక వెలుపలి అంచులకు బిగించాలి. దీనివల్ల యంత్రం ఎత్తు పెరగదు. ఆనిక విశాలమై ఒరిగే ముప్పు తగ్గుతుంది. పైభాగం బరువుగా ఉండే డ్రిల్లింగ్ యంత్రానికి ఇది తప్పనిసరి.

* నాలుగు మూలలా మరబోల్టులు ఉంచాలి. పనివేళ వాటిని దించి, చక్రాలపై భారం పడకుండా చేసి, రసమట్టంతో సరిచూడాలి. చక్రాలపైనే నిలిపితే యంత్రం కంపిస్తుంది.

లేత్‌కు తగదు

పెద్ద లేత్ యంత్రానికి ఈ పద్ధతి పనికిరాదు. దాని బెడ్ స్వల్పంగా మెలిపడినా చెక్కిన కడ్డీ ఒక కొసన లావుగా, మరో కొసన సన్నగా వస్తుంది. దానిని కాంక్రీటు పునాదిపై బిగించడమే ఉత్తమం.

తరలించే ముందు..

విద్యుత్తు సరఫరాను పూర్తిగా తొలగించాలి. తిరిగి కలిపేటప్పుడు ఎర్త్ తీగను సరిచూడాలి. మూడు ఫేజుల మోటారులో రెండు తీగలు తారుమారైతే అది వెనక్కు తిరుగుతుంది. అందువల్ల పనికి ముందు ఒకసారి నడిపి చూడాలి. యంత్రాన్ని కింది భాగం పట్టి నెమ్మదిగా నెట్టాలి. ఒరుగుతున్న యంత్రాన్ని చేతులతో ఆపబోరాదు. వెంటనే పక్కకు తొలగడమే ప్రాణరక్షణ.